రోహిణి కార్తెలో మబ్బుల మొక్క

నా చిన్నప్పుడు చిక్కడపల్లిలోని మా ఇంట్లో ఒకే ఒక్క కూలరు ఉండేది. ఒక ఎండాకాలమంతా అది మనుషుల కోసం కాక ఒక మొక్క కోసం తిరిగింది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. అప్పట్లో మా నానమ్మకు మాత్రం నవ్వు రాలేదు.

మా తాతయ్య నారాయణగూడలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఆయన దగ్గర చదువుకున్న ఒకాయన పడమటి కనుమలకు వెళ్లాడు. అక్కడ మబ్బులు చెట్ల మధ్యనే తిరిగే అడవిలో, గాలివానకు విరిగిపడ్డ కొమ్మ మీద ఒక ఆర్కిడ్ కనిపించిందట. కొమ్మతో సహా తడి గోనెసంచిలో చుట్టి తెచ్చి గురువుగారి చేతిలో పెట్టాడు. అప్పటికే తాతయ్య కళ్లకు నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదని, మిగిలింది కూడా మెల్లగా పోతుందని డాక్టరు చెప్పేశాడు. ఏళ్ల తరబడి బోర్డు మీద బొమ్మ గీసి పాఠం చెప్పాడే గానీ, ఆ పువ్వును ఆయన ఒక్కసారీ కళ్లారా చూడలేదు. చూపు పోయేలోపు చూడాలి. అంతే ఆయన కోరిక.

మా అమ్మ ముచ్చటపడి కుండీలో ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి సిద్ధం చేసింది. తాతయ్య కంగారుపడ్డాడు. "మట్టిల పెడితే ఊపిరాడక చస్తదమ్మా. దీని వేర్లకు గాలి గావాలె" అన్నాడు. కొమ్మకు నాచు, కొబ్బరిపీచు కట్టి ఉత్తరం కిటికీ దగ్గర వేలాడదీశాడు. నల్లా నీళ్లు పడవని, పెరట్లో బిందెలు పెట్టి వాననీళ్లు పట్టి దాచాడు. ఇస్త్రీ బట్టల మీద చల్లే పిచికారీతో పొద్దున్నే ఆ నీళ్లు మంచులా కొట్టడం నా పని. నానమ్మ చూసి చూసి ఒకరోజు అననే అంది. "మట్టొద్దు, ఎండొద్దు, నల్లా నీళ్లొద్దు. ఇది మొక్కనా, కొత్తల్లుడా?"

చలికాలం హాయిగా గడిచింది. ఎండలు ముదిరాక అసలు చిక్కు తెలిసింది. దానికి రాత్రిళ్లు చల్లగా ఉండాలి. మన ఊళ్లో మే నెల రాత్రి గోడ ముట్టుకుంటే వేడి. అందుకని వట్టివేళ్ల కూలరు మొక్క ఉన్న గదికి మారింది, మేం డాబా మీదికి మారాం. గొణుక్కుంటూనే కూలరులో నీళ్లు నింపేది మాత్రం నానమ్మే.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మొక్క మొగ్గ వేసింది. తాతయ్య భూతద్దం పెట్టి, ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, గంటల కొద్దీ దాన్నే చూసేవాడు. రేపో మాపో విచ్చుకుంటుందనగా మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మా నాన్న కరెంటాఫీసుకు వెళ్లడం, వట్టి చేతులతో రావడం. కిటికీలకు తడి దుప్పట్లు కట్టాం. వంతులవారీగా విసనకర్ర పట్టాం. దుప్పట్లు కళ్లముందే ఎండిపోయేవి. మొగ్గ కొసన పసుపు రంగు తిరిగి, మెల్లగా కిందికి పాకింది. కరెంటు రాకముందే మొగ్గ రాలింది.

నేను ఏడ్చి, కరెంటు వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను. కొత్తల్లుడని వెక్కిరించిన నానమ్మ వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుంది. తాతయ్య నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రాలిన మొగ్గను అరచేతిలో పెట్టుకుని, గోటితో మెల్లగా పొరలు విప్పాడు.

"ఇగో, ఇవి రెక్కలు. తెల్లగున్నయా?"

ఉన్నాయన్నాను.

"నడుమ పసుపుపచ్చ ఉండాలె. కనవడుతున్నదా?"

కనిపిస్తోందన్నాను. అంత చిన్న పసుపు మచ్చ ఆయన కంటికి ఆనడం లేదని అప్పుడే అర్థమైంది.

"చూసినవా, అన్నీ తయారుగున్నయ్. దీంట్ల ఏం లోటు లేదు. మనం గూడ లోటు చెయ్యలే. చల్లగాలి దొరకలే, గంతే బిడ్డా."

ఆ పువ్వును ఆయన చూడడమంటే అదే. వానలు పడేసరికి మొక్క ఎండిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు తాతయ్య చూపూ పోయింది.

ఇప్పుడు నేను అశోక్‌నగర్‌లో ఉంటున్నాను. మేడ మీది గదులు ఊళ్ల నుంచి వచ్చి సర్కారు ఉద్యోగాలకు చదివే ఆడపిల్లలకు కిరాయికిచ్చాను. ఏటా ఎవరో ఒక పిల్ల పరీక్ష పోయి, పెట్టె సర్దుకుని ఊరికి బయల్దేరుతుంది. ఇంకొంచెం కష్టపడాల్సిందని అందరూ అంటారు. నేను అనను. పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు సదివిన దాంట్ల నీకిష్టమైనదేదో జర నాకు చెప్పు బిడ్డా" అంటాను. ఏడుస్తూనే మొదలుపెడుతుంది. కాసేపటికి ఏడుపు మరిచిపోయి, నదులో, రాజ్యాంగమో, ఎక్కడా తడబడకుండా చెప్పుకుపోతుంది. నాకు సగం అర్థం కాదు. అయినా చివరిదాకా వింటాను. ఆ పిల్లకు ఉద్యోగం ఇప్పించడం నా చేతిలో లేదు. లోపల అన్నీ తయారుగా ఉన్నాయని తనకే చూపించడం ఒక్కటే ఉంది.