మా అవ్వకు సెట్టింగులంటే మంట

మా అవ్వ ఉమామహేశ్వరమ్మకు అక్కర్లేని మీట కనపడితే చాలు, దాని మీద ప్లాస్టర్ అంటిస్తుంది. ఆళ్లగడ్డలో మా ఇంటి టీవీ రిమోట్ చూసినవాళ్లు దానికి యాక్సిడెంట్ అయిందనుకుంటారు. వాషింగ్ మెషీన్‌కు ఆన్ మీట తప్ప ఒళ్లంతా కట్లే. చెవిమిషను మీద ఆమె కన్ను పడిందని తాత దాన్ని జేబులో దాచుకుని, ఏమీ వినపడకుండానే తిరుగుతున్నాడు.

"యంత్రానికి తెలిసింది యంత్రమే చూసుకోవల్ల. మనిషిని సతాయించకూడదు," అంటుంది అవ్వ. ఇంటర్ సగంలో వదిలేసిన నాకు ఈ సిద్ధాంతం భలే నచ్చింది. ఇంజనీరింగ్ చదివిన మా శ్రీజక్కకే నచ్చలేదు.

అక్క నంద్యాలలో ఒక బియ్యం మిల్లుకు బస్తాల లేబుళ్లు కొట్టే ప్రోగ్రాం రాసింది. రకం మారినా, బరువు మారినా సెట్టింగుల ఫైలు తెరిచి దిద్దాలి. కొత్తగా చేరిన ఎస్తేరు దిద్దుతూ ఒక కామా చెరిపేసింది. అంతే, లేబుళ్లు ఆగాయి, బయట లారీ ఆగింది. ఇంకోసారి ఇట్లయితే ఇంటికి పొమ్మన్నాడు ఓనరు మహేష్. అక్క ఫోన్లో చెప్పిందో లేదో, అవ్వ నన్ను లాక్కుని బస్సెక్కింది.

మిల్లులో ఆ ఫైలు చూడగానే అవ్వ ముఖం వెలిగిపోయింది. అన్ని మీటలు ఒక్కచోట ఆమెకెప్పుడూ దొరకలేదు.

"కాగితం వెడల్పు అంటాంది. కాగితం మారతాదా?"

"మారదవ్వా," అంది అక్క.

"మరి ఈ పిల్లనెందుకు అడుగుతాండావ్? తీసెయ్. తేదీ ఎవరు చెప్పల్ల?"

"ఎస్తేరే."

"కంప్యూటర్‌కు తేదీ తెలీదా? దానికేమన్నా నా వయసొచ్చిందా?"

"తప్పు నాదేలే అవ్వా," అని గొణిగింది ఎస్తేరు.

"ఊరుకో పాపా. ఇన్ని పెడితే ఏదో ఒకదానికి చెయ్యి తగలదా?"

సాయంత్రానికి రెండే లైన్లు మిగిలాయి: బియ్యం రకం, బస్తా బరువు. కామాలూ బ్రాకెట్లూ ఎగిరిపోయాయి.

"తప్పు కొడితే ఏమంటాది?" అడిగింది అవ్వ.

"ఎర్రర్ అంటాది."

"అది తిట్టు. ఏం చెయ్యల్లో చెప్పమను."

అదీ అయింది. అంతలో మహేష్ వచ్చి వెనక నిలబడ్డాడు. ఎస్తేరు కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"జరుగు పాపా, నేను కొడతా," అని అవ్వ కీబోర్డు లాక్కుంది. బరువు దగ్గర 'బాగా' అని కొట్టింది. ప్రింటర్ ఆగింది.

"ఎవరు చేసిందిది?" అన్నాడు మహేష్.

"నేనేనప్పా. ముసల్దాన్ని, ఏం తెలుస్తాది."

స్క్రీన్ మీద అక్షరాలు వచ్చాయి: 'బరువు అంకెల్లో రాయండి. ఉదాహరణకు 26.' ఎస్తేరు చదివింది, దిద్దింది. ప్రింటర్ బరబరా లేబుళ్లు కక్కింది.

మహేష్ ఎస్తేరును చూశాడు. "బాగానే దిద్దుతాండావే. రేపు తొందరగా రా."

తిరుగు బస్సులో అడిగాను. "బరువంటే అంకెలని నీకు తెలీదా అవ్వా? కావాలనే కొట్టినావు కదా?"

"కిటికీ కాడ నేను కూర్చుంటా. మే, నువ్వట్ల జరుగు," అంది అవ్వ.