బుచ్చిరాజు కారు తెల్లపొగ

బుచ్చిరాజుకు కోపమొస్తే నోరు ముందు, బుర్ర తరువాత. లేకపోతే బంగారం లాంటి మనిషే. అవనిగడ్డ కార్ల స్టాండులో ఎవరింట్లో ఆపద వచ్చినా ముందు కదిలేది అతని పాత డీజిల్ కారే. అందుకే అతని మాటకు అక్కడ విలువెక్కువ. కొంప ముంచింది ఆ విలువే.

కిందటేడు ఆ కారు నీలంగా పొగ వదిలితే, ఇంజను ఆయిల్ తాగేస్తోందని చెప్పి వీరేంద్ర మొత్తం విప్పి పిస్టన్లకు కొత్త రింగులు వేశాడు. స్టాండు వెనక రేకుల షెడ్డులో మెకానిక్కు వీరేంద్ర. ఇద్దరికీ చుట్టరికం లేదు గానీ, చిన్నప్పటి నుంచీ బావా అంటే బావా అని పిలుచుకునేవారు. పని పూర్తయిన రోజు వీరేంద్ర, "రేడియేటర్లో కూలెంట్ పొయ్యి బావా, అది లేకపోతే మంచినీళ్ళన్నా పొయ్యి" అన్నాడు. బుచ్చిరాజు నవ్వి ఊరుకున్నాడు. ఇంటి బోరులో వచ్చేవి ఉప్పునీళ్ళు. మంచినీళ్ళు కొనుక్కుని తాగే ఇల్లు అది. ఆ నీళ్ళతో కాళ్ళు కడిగితేనే ఇంట్లో తిట్లు పడతాయి, ఇక కారుకు పోస్తే ఊరుకుంటారా?

ఏడాది తిరక్కుండానే మళ్ళీ పొగ మొదలైంది. ఒకరోజు పెళ్ళివారు కారెక్కి కూర్చోగానే స్టాండంతా తెల్లగా కమ్మేసింది. "దోమల మందు కొడుతున్నావా బావా?" అని శశిధర్ అనేసరికి తోటి డ్రైవర్లంతా పగలబడి నవ్వారు. బుచ్చిరాజు ఒళ్ళు మండింది.

"ఆ వీరేంద్రగాడి నిర్వాకం! పాత రింగులే తుడిచి మళ్ళీ బిగించాడు. వాణ్ణి నమ్మడం నాది బుద్ధి తక్కువ" అని అందరిలో అరిచాడు.

వీరేంద్ర షెడ్డులోంచి బయటికొచ్చాడు. "పొగ రంగు చూడు బావా. అప్పటిది వేరు, ఇది వేరు. ఒక్కసారి బండి లోపల పెట్టు."

"మళ్ళీ నీ చేతికా?" అని బుచ్చిరాజు తలుపు ధడాలున వేసుకుని వెళ్ళిపోయాడు.

బుచ్చిరాజంతటివాడు అన్నాడంటే అబద్ధమవుతుందా? ఒక్కొక్క బండీ చల్లపల్లి షెడ్ల దారి పట్టింది. వానలు వెనకబట్టేసరికి వీరేంద్ర షెడ్డుకు తాళం పడింది. గిలకలదిండిలో బోట్ల ఇంజన్ల పనికి పోయాడని తెలిసింది. బుచ్చిరాజుకు మనసులో కలుక్కుమంది. అయినా తప్పు చేసినవాడు పోక ఏం చేస్తాడని సర్దిచెప్పుకున్నాడు. రేడియేటర్లో నీళ్ళు తరుగుతూనే ఉన్నాయి, అతను పోస్తూనే ఉన్నాడు.

చివరికి గుడివాడలో కారు కాగిపోయి ఆగిపోయింది. దగ్గర్లో వేంకటేశ్వర్లు అనే పెద్దాయన షెడ్డుంటే తోయించుకెళ్ళాడు. ఆయన ఇంజను చల్లారాక స్టార్ట్ చేయించి, పొగగొట్టం దగ్గర తెల్లగుడ్డ పట్టాడు.

"ఆయిల్ కాలితే జిడ్డు మరక పడాలండీ. డీజిల్ ఎక్కువైతే మసి పడాలి. ఇదేమో వట్టి తడి. నీళ్ళు ఇంజన్లోకి దిగి ఆవిరైపోతున్నాయి."

రేడియేటర్ మూత తీస్తే లోపల బుడగలు. మూతి చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది.

"ఏం నీళ్ళు పోస్తున్నారు?"

"మా బోరువేనండీ."

"మీరు తాగుతారా అవి?"

"అబ్బే, ఉప్పు కషాయమండీ."

"మీరు నోట పెట్టనివి దానికెలా పోశారండీ?"

ఇంజను పైభాగం విప్పి చూపించాడు. ఉప్పు లోహాన్ని తినేసింది, నీళ్ళకు అడ్డుగా ఉండే గాస్కెట్ చిరిగింది. కింద పిస్టన్లు కూడా తీసి చూశాడు. "రింగులెవరు వేశారో గానీ కొత్తవే, పని శుభ్రంగా ఉంది" అన్నాడు. బుచ్చిరాజుకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

కారక్కడే వదిలి, బస్సెక్కి బందరు వెళ్ళి, గిలకలదిండిలో వెతుక్కుంటూ వెళ్ళాడు. వీరేంద్ర ఒక బోటు ఇంజను దగ్గర కూర్చుని ఉన్నాడు, చిక్కిపోయాడు. బుచ్చిరాజు అతని చేతులు పట్టుకుని ఉన్నదంతా చెప్పి ఏడ్చాడు.

"నాతో చెప్తే ఏం లాభం బావా? అన్నది స్టాండులో. అక్కడే చెప్పు. నలుగురూ నమ్మితే వచ్చి షెడ్డు తెరుస్తా."

మర్నాడు బుచ్చిరాజు స్టాండులో అందరినీ పోగేశాడు. ఉప్పునీళ్ళ సంగతి, రింగుల సంగతి, తన నోటి దురుసు, ఏదీ దాచలేదు. అంతా విన్నారు. ఒకాయన టీ తెప్పించాడు.

"నీది జాలిగుండె బావా. వాడి పొట్ట కొట్టకూడదని నింద నీ మీద వేసుకుంటున్నావు" అన్నాడు శశిధర్. "నా బండికి మాత్రం తక్కువ చేశాడా? కొత్త సామాను పీకి పాతది తగిలించాడు."

శశిధర్ బండి ఏనాడూ వీరేంద్ర షెడ్డు గడప తొక్కలేదని బుచ్చిరాజుకు తెలుసు. ఆ మాటే అరిచి చెప్పాడు, ఒట్లు పెట్టాడు. పాపం మంచివాడంటూ అందరూ అతని భుజం తట్టి, ఎవరి బండి దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు.