మీసాలాయన పోయిన సంగతి

మా ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్ళంతా ఒకే మాట అన్నారు, నోట్లోంచి అబద్ధం రాని మనిషి అని. నేను తల దించుకుని విన్నాను. కాదనడానికి అది సమయం కాదు. కానీ ఆయన ఒక అబద్ధం ఆడారు. ఒక పూట కాదు, ఒక వానాకాలమంతా ఆడారు. అదీ చేతకాక, చెమటలు కక్కుతూ ఆడారు. ఆయన గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు అదే గుర్తుకొస్తుంది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా నవ్వొస్తుంది.

ఆయన చెరువు కాపలాదారు. ఊరి చివర చెరువు, దాని గట్టు మీద రెండు గదుల రేకుల ఇల్లు. వంటింటి కిటికీ తెరిస్తే నీళ్ళే. వాకిట్లో ఎప్పుడూ తడి తాళ్ళు, మంచం కింద గాలం కర్రలు. ఎంత ఉతికినా ఆయన చొక్కాలకు నాచు వాసన పోయేది కాదు. గాలాలు వేసేవాళ్ళ సంఘం ఒకటి ఆ చెరువును ఏడాదికోసారి కౌలుకు తీసుకునేది. చేపను పట్టడం, మురిపెంగా చూసుకోవడం, మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యడం, ఇదీ వాళ్ళ సరదా.

"వదిలేసేదానికి పట్టడం దేనికండీ?" అని పెళ్ళైన కొత్తలో అడిగాను.

"నువ్వు నిన్న ఊడ్చిన ఇల్లే ఇవాళ మళ్ళీ ఊడవట్లేదూ?" అన్నారు.

వాళ్ళందరూ వచ్చేది ఒక్క చేప కోసం. పెద్ద బంగారుతీగ అది. పెదవుల పక్కన రెండేసి మీసాలుండేవి, అందుకని దానికి మీసాలాయన అని పేరు పెట్టారు. ఎత్తడానికి రెండు చేతులూ చాలవు. ఒక్కో సభ్యుడు జీవితంలో ఒకసారి దాన్ని పట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఫోటో దిగాడు. ఆ ఫోటోలన్నీ సంఘం షెడ్డులో గోడకున్నాయి. మనుషుల జుట్టు ఫోటో ఫోటోకూ పలచబడింది గానీ చేప మాత్రం ఏటా ఒళ్ళు చేసింది.

సంఘానికి పెద్ద రిటైరైన హెడ్మాస్టరు గారు. ఆయన మా ఆయనతో తరచూ అనేవారు, "ఏముందయ్యా ఈ చెరువులో మాకు? నాచు, దోమలు, మీసాలాయన. మొదటి రెండూ మా ఇంటి దగ్గరే ఉన్నాయి. వాడున్నన్నాళ్ళూ మేముంటాం. వాడు లేడంటే ఆనకట్ట దగ్గర చెరువుకు పోతాం." నవ్వుతూనే అన్నా అది నిజమని మాకు తెలుసు. సంఘం పోతే ఆయనకు పని పోతుంది, మాకు ఇల్లు పోతుంది. ఇల్లంటే ఇంకోటి వెతుక్కోవచ్చు. కళ్ళెదుట నీళ్ళు కనబడకపోతే మాత్రం ఆ మనిషికి అన్నం సయించదు.

ముందు వచ్చినవి నీటికాకులు. ఒక చలికాలం నల్లగా గుంపుగా దిగాయి. మునగడం, చేపతో లేవడం, మింగడం, మళ్ళీ మునగడం. మా ఆయన తన పాత రెయిన్‌కోటులో గడ్డి కుక్కి గట్టు మీద బొమ్మను నిలబెట్టారు. రెండు రోజులు భయపడ్డాయి. మూడో రోజు ఒకటి వచ్చి బొమ్మ నెత్తి మీద కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంది.

తప్పు బొమ్మది కాదు. సంఘం వాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీల్లో కదలకుండా కూర్చుంటారు కదా, వాళ్ళను చూసి చూసి ఆ పక్షులకు మనిషి ఆకారమంటే లెక్క లేకుండా పోయింది. ఒకరోజు వాళ్ళల్లో ఒకరైన కళ్ళ డాక్టరు గారికి చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఒక నీటికాకి మునిగి చేపతో లేచింది. ఆయనకేమో పొద్దుటి నుంచీ గాలం బెండు కూడా కదల్లేదు.

"చూశారా సార్, దానికి గాలం కూడా లేదు," అన్నాడు పక్క కుర్చీలోని టైర్ల షాపాయన.

"దానికి వేరే పనీ లేదు," అన్నారు డాక్టరు గారు రుసరుసలాడుతూ.

చలికాలం అయ్యేసరికి చిన్న చేపలు ఉప్పు కరిగినట్టు కరిగిపోయాయి. పక్షి గొంతులో పట్టని పెద్దవి కొన్ని మిగిలాయి. వాటి కోసం ఎండలు ముదిరాక నీటికుక్క దిగింది. పిల్లిలా మెత్తగా నడిచే జంతువది, నీళ్ళలో దిగితే పాములా మెలికలు తిరుగుతుంది. పక్షికి చిన్న చేప కావాలి, నీటికుక్కకు పెద్దదీ కావాలి. పక్క వాగు నుంచి తూము దారిన వస్తోందని మా ఆయన కనిపెట్టి, చెరువు చుట్టూ కంచె వేయించమని సంఘాన్ని అడిగారు. కంచె అడ్డముంటే గాలం విసరడానికి చెయ్యి ఆడదని ఎవరూ ఒప్పుకోలేదు.

వానలు మొదలవడానికి ముందు ఒక ఉదయం ఆయన గట్టు చుట్టొచ్చి గుమ్మంలో కూలబడ్డారు. ఒళ్ళో తువ్వాలు మూట.

"ఏమైందండీ?"

"పోయాడే."

"ఎవరు?"

ఆయన తువ్వాలు విప్పారు. మీసాలాయన తల, తోక ఉన్నాయి. మధ్యలో పొట్ట లేదు. మీసాలు నలగకుండా అలాగే ఉన్నాయి.

"పాడు నీటికుక్క. తరిమెయ్యరాదూ?" అన్నాను.

"దానికీ పిల్లలున్నాయే. తూము దగ్గర చిన్న చిన్న అడుగులు చూశా. ఆకలేసి తింది. మనవాళ్ళలా ఫోటో దిగి వదిలెయ్యడానికి వచ్చిందా?" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. చేప కోసం ఏడ్చే మనిషిని చూసి నవ్వాలో ఓదార్చాలో తెలియక టీ పెట్టాను.

పెరట్లో బట్టలుతికే బండ వెనక గొయ్యి తీసి పూడ్చాం. గుర్తుగా నాలుగు పొలుసులు మాత్రం అగ్గిపెట్టెలో దాచుకున్నారు. ఒక్కొక్కటి నా బొటనవేలి గోరుకు రెండింతలుంది.

"ఆదివారం అందరూ వస్తారుగా, చెప్పేస్తాను," అన్నారు.

ఆదివారం తొలి వాన వెలిశాక చెప్పడానికే బయల్దేరారు. ఆయన నోరు తెరిచేసరికి గట్టు అవతలి నుంచి హెడ్మాస్టరు గారు తెగిన గాలం దారం పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఆ వయసులో ఆయన పరుగెత్తడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"వాడే! వాడేనయ్యా! నా దారం తెంపుకుపోయాడు. మీసాలు ఈ కళ్ళతో చూశా! నువ్వే చెప్పు, అంత బలం ఇంకెవరికుంది?"

మా ఆయన బండ వైపు చూశారు, నా వైపు చూశారు. "అంతే... ఎక్... సార్," అన్నారు.

ఎక్కిళ్ళు అలా మొదలయ్యాయి. అబద్ధం అలవాటు లేని గొంతు కదా, అక్కడే అడ్డం పడేది. మామూలుగా ఉన్నంతసేపూ బాగానే ఉండేవారు. ఎవరైనా "మీసాలాయన కులాసాయేనా?" అంటే చాలు, "కులాసా... ఎక్... గానే ఉన్నాడండీ." "ఎవరో నిన్ను బాగా తలుచుకుంటున్నట్టున్నారయ్యా," అని నవ్వి ఆయన వీపు నిమిరేవారు హెడ్మాస్టరు గారు.

బతికున్నప్పుడు ఏడాదికి ఒకరిద్దరికి దొరికిన మీసాలాయన, చచ్చాక ప్రతి వారం ఎవరో ఒకరి గాలానికి తగలడం మొదలుపెట్టాడు. హెడ్మాస్టరు గారికి తగిలాడంటే డాక్టరు గారు ఊరుకుంటారా? మరుసటి ఆదివారమే ఆయనకూ తగిలాడు. అంగుళం దూరంలో చూశారట, కంట్లో కాస్త పొర కూడా కనబడిందట. టైర్ల షాపాయన ఇద్దరినీ మించాలని రెండుసార్లు పట్టుకుని రెండుసార్లూ వదిలేశాడు. "మొదటిసారి జాలిపడి వదిలా. రెండోసారి వాడే నన్ను గుర్తుపట్టాడు," అన్నాడు. ఏ వేపచెట్టుకో నాచుకుప్పకో తగులుకుని తెగిన దారాలన్నీ మీసాలాయన ఖాతాలోకే పోయాయి. నేను టీ గ్లాసులు పట్టుకుని వెళ్ళినప్పుడల్లా, పోయినవాడు కిందటి వారం కంటే బరువు పెరిగి ఉండేవాడు.

మా ఆయన మాత్రం చిక్కిపోయారు. అన్నం ముందు కూర్చుని కెలికేవారు. చూడవచ్చిన మా వదిన, అంటే ఆయన అక్కగారు, గుమ్మంలోనే నిలబడి తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది.

"ఏరా, ఎవరు పోయారు?"

"ఎవరూ... ఎక్... పోలేదక్కా."

"చిన్నప్పుడు బెల్లం తిని, తినలేదంటూ నాన్న ముందు ఇలాగే ఎక్కిళ్ళు పెట్టావు. ఏమే, నువ్వు చెప్పు, ఏం జరిగింది?"

చెప్పాను. వదిన చేతిసంచి కూడా దించకుండా ఆలోచించింది. "దీనికింత రాద్ధాంతమా? అలాంటిదే ఇంకో చేపను తెచ్చి అందులో పడేస్తే సరి."

"అక్కా, మన బావ పోయాడనుకో..."

"నోర్ముయ్ వెధవా!" అంది వదిన. ఆ సలహా అక్కడితో ఆగిపోయింది.

వానలు తగ్గుముఖం పట్టాక సంఘం సర్వసభ్య సమావేశం వచ్చింది. వచ్చే ఏడాదికి ఈ చెరువే ఉంచాలా, ఆనకట్ట చెరువుకు పోవాలా అని తేల్చేది అక్కడే. ఆ రోజు ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నారు.

"వాళ్ళు, లేని చేపను నమ్ముకుని ఓటుకు చేతులెత్తుతారే. ఎత్తాక చెబితే మోసం. ముందే చెప్పేస్తా," అన్నారు.

"పని పోతుందేమోనండీ."

"పోతే పోయింది. ఈ ఎక్కిళ్ళతో బతకలేను."

నేను టీ కెటిల్ పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. హెడ్మాస్టరు గారు లేచి "ఈ ఏడు మన మీసాలాయన మునుపెన్నడూ లేనంత చురుగ్గా ఉన్నాడని చెప్పడానికి సంతోషిస్తున్నాను," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగకుండానే మా ఆయన లేచారు.

"అయ్యా, క్షమించాలి. మీసాలాయన లేడు. వానలకు ముందే నీటికుక్క తినేసింది. నేనే మా పెరట్లో బండ వెనక పూడ్చాను." ఒక్క ఎక్కిలి కూడా రాలేదు. అగ్గిపెట్టె తెరిచి పొలుసులు బల్ల మీద పోశారు.

చప్పట్లు కొడుతున్న చేతులు అక్కడే ఆగిపోయాయి.

"వానలకు... ముందా?" అన్నారు డాక్టరు గారు మెల్లగా.

"ముందేనండీ."

అప్పుడు చూడాలి వాళ్ళ ముఖాలు. ఎవరికి వారు తమ కథ ఎప్పటిదో మనసులో వెనక్కి తిప్పుకుంటున్నారు. ఈ ఏడు వానలకు ముందు ఒక్కరి గాలానికీ తగల్లేదు, అన్నీ తర్వాతవే. డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. టైర్ల షాపాయన పైకప్పు రేకులు పరీక్షగా చూశాడు. మా ఆయన మాట నిజమంటే అందరి మాటా అబద్ధం.

చివరికి హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకుని, ఒక పొలుసు వెలుతురుకు పెట్టి చూశారు. "చూడవయ్యా, నువ్వు నిజాయితీగా చెప్పావు, కాదనను. కానీ పొరపాటు పడ్డావు. ఇది వేరే చేప."

"ఔనౌను, వేరేదే," అన్నారు డాక్టరు గారు. "మసక వెలుతురులో ఎవరికైనా అలాగే కనబడుతుంది."

"వాడి తమ్ముడై ఉంటాడు," అన్నాడు టైర్ల షాపాయన.

"అయ్యా, మీసాలు కూడా..."

"తమ్ముడికి మీసాలుండవా?"

పైగా ఇంత పెద్ద జంతువు చెరువులో తిరుగుతుంటే రేపు అసలు మీసాలాయనకే ప్రమాదం కాదా, ఇన్నాళ్ళూ కంచె వెయ్యకుండా ఏం చేస్తున్నావని హెడ్మాస్టరు గారు మా ఆయన్నే కోప్పడ్డారు. చెరువు ఉంచాలని, చుట్టూ కంచె వెయ్యాలని, తూముకు ఇనుప జాలీ పెట్టాలని అందరూ చేతులెత్తారు. గాలం విసరడానికి చెయ్యి ఆడదన్నవాళ్ళే ముందు ఎత్తారు. నీటికుక్క తినేసిన చేపను కాపాడడానికి కంచె వేసిన సంఘం ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. ఆ కంచె వల్లే మిగిలిన చేపలు ఊపిరి పీల్చుకున్నాయి. నీటికుక్క పిల్లలను వెంటేసుకుని వాగులోకి వెళ్ళిపోయింది.

కంచెకు గుంటలు తీస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం నేను బండ మీద బట్టలు నానబెట్టి లోపలికి వచ్చాను. కిటికీలోంచి చూస్తే హెడ్మాస్టరు గారు పెరట్లో నిలబడి ఉన్నారు. టోపీ చేతిలో ఉంది. పక్కనే ఉన్న మా ఆయన నాకు మాట్లాడొద్దని సైగ చేశారు. అంతలో పక్క దారిన డాక్టరు గారు వచ్చి, హెడ్మాస్టరు గారిని చూసి ఉలిక్కిపడ్డారు.

"మీరేంటి సార్ ఇక్కడ?"

"నేనా... మంచినీళ్ళ కోసం వచ్చా. మీరు?"

"నేనూ మంచినీళ్ళ కోసమే."

బండ పక్కన నీళ్ళ కుండ లేదు, కుళాయి లేదు. సబ్బునీళ్ళ బకెట్టు మాత్రం ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తుండగా వెనక నుంచి టైర్ల షాపాయన వచ్చాడు. వాళ్ళను చూసి వెనక్కి తిరగబోయాడు గానీ ఆయన ఒళ్ళు పెద్దది, కంచె కోసం తెచ్చిపెట్టిన తీగ చుట్టకు చొక్కా తగులుకుంది. ఇక వెళ్ళలేక వచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డాడు. ముగ్గురూ బండ వెనకున్న మట్టి వైపు చూశారు.

"కంచె ఇంకో మూర ఎత్తు పెంచుదామా?" అన్నారు హెడ్మాస్టరు గారు చివరికి.

"పెంచుదాం సార్. మళ్ళీ ఇంకొకణ్ణి పోగొట్టుకోలేం," అన్నాడు టైర్ల షాపాయన.

ఆ మాట విన్నా ఎవరూ తల ఎత్తలేదు. మా ఆయన లోపలి నుంచి కుర్చీలు మోసుకెళ్ళి ముగ్గురికీ వేశారు. నేను స్టవ్ వెలిగించి నాలుగు టీలు పెట్టాను.