అంతా జానకమ్మే చూసుకుంటుంది

జానకి బీకాం చదివింది. పదమూడేళ్ళ కిందట బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న డిజిటల్ ఏజెన్సీలో, వెబ్‌సైట్లలోకి వస్తువుల పేర్లు టైపు చేసే పనికి చేరింది. కోడు రాయడం పక్క కుర్చీల వాళ్ళను చూసి నేర్చుకుంది. తనకంటే చిన్నవాళ్ళు లీడ్‌లయ్యారు, హైదరాబాద్ వెళ్ళిపోయారు. ఆమె మాత్రం రోజూ గుణదల నుంచి ఆటోలో వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. కస్టమర్లకు ఆఫీసంటే జానకే.

కిందటేడు యజమాని లక్ష్మీకాంత్ కంపోజబుల్ టెక్నాలజీలో సర్టిఫికెట్ తెచ్చుకోవాలని నిర్ణయించాడు. అది లేని ఏజెన్సీలతో పెద్ద కంపెనీలు మాట్లాడటం మానేశాయి. ఆ పద్ధతిలో వెబ్‌సైట్‌ని ఒకే ముద్దలా కట్టకుండా, సరుకుల జాబితా, వెతుకులాట, చెల్లింపు, రవాణా, దేనికది విడి భాగంగా కట్టాలి. ఒకటి తీసి మరొకటి పెట్టినా మిగతావి ఆగకూడదు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ మూడు అడిగింది. నలుగురు పరీక్ష పాసవ్వాలి, అలా కట్టిన సైటొకటి నడుస్తూ ఉండాలి, ఆ సైటు సొంతదారు పరిశీలకుడితో విడిగా మాట్లాడాలి. సర్టిఫికెట్ వస్తే కొత్త విభాగానికి జానకే లీడ్ అని లక్ష్మీకాంత్ అందరి ముందూ చెప్పాడు. రాకపోతే హైదరాబాద్ నుంచి అనుభవమున్నవాళ్ళను తెచ్చుకోక తప్పదని కూడా చెప్పాడు.

జానకి రెండో ప్రయత్నంలో పరీక్ష పాసైంది. సైటు కోసం, తొమ్మిదేళ్ళుగా తన కస్టమరైన రామకోటేశ్వరరావు గారిని ఎంచుకుంది. ఆయనకు వన్ టౌన్‌లో స్టీలు, ఇత్తడి సామాన్ల హోల్‌సేల్ కొట్టు. గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా చిన్న దుకాణాల వాళ్ళు ఆయన సైటులోనే ఆర్డర్లు పెడతారు. కొత్త పద్ధతి ఏమిటని ఆయన అడిగితే, ఆమె అరలోంచి నాలుగు గిన్నెల క్యారియర్ దించి, ఏ గిన్నెకాగిన్నె విడదీసి చూపించింది.

"బాగానే ఉంది. మరి పిడి ఎవరి చేతిలో ఉంటదమ్మా?" అన్నారాయన.

"మీ చేతిలోనే బాబాయ్ గారూ."

ఆయన నవ్వి ఒప్పుకున్నారు. ఆయన సైటుని ఆ పద్ధతిలో తిరగకట్టారు.

పరిశీలకుడి పేరు జోయెల్. బెంగళూరులో ఉండే తెలుగువాడు. వీడియో కాల్‌లో మాట్లాడుతూ, సైటులో ఏదైనా మార్చాల్సివస్తే ఏం చేస్తారని అడిగాడు. రామకోటేశ్వరరావు గారు ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు జవాబిచ్చారు. "మాకేం పనుండదండీ. జానకమ్మకి ఫోన్ కొడతాం, పావుగంటలో అయిపోద్ది. ఆదివారమైనా, పండగైనా సరే. తొమ్మిదేళ్ళలో నేను ఒక్క బటన్ నొక్కి ఎరగను." కాల్ అవగానే జానకికి ఫోన్ చేసి, నీ గురించి గట్టిగా చెప్పాను, లీడ్ ఉద్యోగానికి ఢోకా లేదని భరోసా ఇచ్చారు.

రెండు రోజులకి మెయిల్ వచ్చింది. పరీక్షలు సరే, సైటూ సరే. అయితే సొంతదారు ఒక్క భాగాన్నీ తనంతట తాను మార్చుకోలేకపోతున్నారు, అంతా ఏజెన్సీలోని ఒక ఉద్యోగి మీదే ఆధారపడి ఉంది అని రాశారు. మూడు వారాల గడువు, ఇంకొక్క అవకాశం. పక్క సీటు వినీల, "అక్కా, నీకు జ్వరమొస్తే ఆ కొట్టు షట్టరు దించుకోవడమేనన్నమాట," అంది. జానకికి నవ్వు రాలేదు. తొమ్మిదేళ్ళుగా మంచి పని అనుకుని చేసిందే అక్కడ లోపమని రాసి ఉంది.

మర్నాడు కొట్టుకి వెళ్ళి, మీరు చెప్పిందే మమ్మల్ని దెబ్బతీసిందని అనలేక, సైటు పని కొంచెం నేర్చుకుంటే బాగుంటుందని నసిగింది. ఆయనకు అర్థమైపోయింది. "అయితే నా పొగడ్తే నీకు ఎసరు పెట్టిందన్నమాట," అన్నారు.

అప్పట్నుంచి రోజూ కొట్టు తెరవకముందు గంటసేపు పాఠం. ఆయన నెమ్మది. తెర మీద చూపుడువేలు పెట్టుకుని ఒక్కో మాట వెతికేవారు. ఆయన ఆగిన ప్రతిచోటా జానకి చెయ్యి మౌస్ మీదికి వెళ్ళిపోయేది. నాలుగో రోజు ఆయన, "నువ్వు కాస్త దూరంగా కూర్చో తల్లీ," అని ఆమె స్టూలు వెనక్కి జరిపారు. అక్కడి నుంచి చూశాక గాని ఆమెకు తట్టలేదు, ఆయన ఆగుతున్నది ఇంగ్లీషు వాక్యాల దగ్గరని. ఆ వారంలోనే సైటులో వాటన్నిటినీ తెలుగులోకి మార్చి పెట్టింది.

రెండోసారి జోయెల్ వీడియో కాల్‌లో రామకోటేశ్వరరావు గారినీ, ఆయన కంప్యూటర్ తెరనూ చూస్తూ, లారీ రవాణా భాగం తీసేసి వేరే కంపెనీది పెట్టమన్నాడు. ఏజెన్సీ వాళ్ళు ఆ కాల్ చూడొచ్చు. సాయం చేస్తే పరీక్ష అక్కడితో రద్దని వాళ్ళకు మాత్రమే ముందుగా చెప్పాడు. ఆఫీసులో లక్ష్మీకాంత్, వినీల జానకి కుర్చీ వెనక నిలబడ్డారు. రామకోటేశ్వరరావు గారు సగం దాకా తడబడకుండా వచ్చారు. పాత భాగాన్ని ఆపేయాలా అని తెర అడిగేసరికి ఆగిపోయారు. పొద్దున వచ్చిన ఆర్డర్లు పోతాయేమోనని భయం. అలవాటుగా జేబులోంచి ఫోన్ తీశారు.

బల్ల మీద జానకి ఫోన్ మోగింది.

ఆమె చెయ్యి దాని దాకా వెళ్ళి ఆగింది. ఎదురుగా తెరలో ఆయన ఫోన్ చెవిన పెట్టుకుని ఆమె గొంతు కోసం ఎదురుచూస్తున్నారు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. జానకి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం వినీల చూసింది.

"ఎత్తట్లేదే," అని ఆయన పైకే అనుకున్నారు. ఫోన్ పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, ప్రశ్న కింద సన్నగా ఉన్న తెలుగు వాక్యాన్ని కూడబలుక్కుని చదివారు. పాత ఆర్డర్లు అలాగే ఉంటాయి, మార్పు కొత్తవాటికే అని ఉంది అందులో. ఇంకోసారి చదివారు. నొక్కారు. తర్వాత వచ్చిన అవనిగడ్డ ఆర్డర్ పక్కన కొత్త లారీ కంపెనీ పేరు కనిపించింది.

మూడు రోజులకి, సోమవారం సర్టిఫికెట్ వచ్చింది. దానితో వచ్చిన రిపోర్టులో జోయెల్, సొంతదారు ఏజెన్సీకి రెండుసార్లు ఫోన్ చేశారు, ఏజెన్సీ ఎత్తలేదు, పని పూర్తయింది అని రాశాడు. లక్ష్మీకాంత్ దాన్ని అందరికీ చదివి వినిపించి, కొత్త లీడ్‌కి చప్పట్లు కొట్టించాడు. జానకికి మాత్రం అది ఫిర్యాదులా వినబడింది. ఆ మూడు రోజులూ ఆమె ఆయనకు ఫోన్ చేయలేకపోయింది.

సాయంత్రం వన్ టౌన్ వెళ్ళింది. సర్టిఫికెట్ సంగతి చెప్పి, క్షమించమని అడగబోతుంటే ఆయన అడ్డుపడ్డారు.

"ఎత్తుంటే పోయేదటగా. జోయెల్ గారే చెప్పారు. ఆ పూట కోపమొచ్చిన మాట నిజమేలే." ఫోన్ చేతిలోకి తీసుకుని అడిగారు, "ఇప్పుడు చేస్తే ఎత్తుతావా?"

"ఎత్తుతానండీ."

"అయితే చాల్లే," అని ఆయన కంప్యూటర్ వైపు తిరిగారు. ఇత్తడి బిందెల ఫొటోలు తను మార్చాల్సినవి ఇంకా పదకొండున్నాయి.