సిస్టరుగారు గీసిన సమాధుల తోట

సౌదీలో, తాయిఫ్ ఆసుపత్రిలో మా సీనియర్ నర్సు సిస్టరుగారిది ఒకటే మాట: “కంటితో చూడంది చార్టులో రాయకూడదమ్మా.”

వాళ్ళ ఊళ్ళో చర్చి సమాధుల తోట బాగుచేస్తూ, పేర్లు చెరిగిపోయిన సిలువలు ఎవరివో చెప్పమని ఆవిడకి ఫోన్ చేశారు. చిన్నప్పుడు ప్రతి సమాధుల పండక్కీ వాటికి సున్నం కొట్టింది ఆవిడే. డ్యూటీ దిగాక పాత చార్టు వెనక గళ్ళు గీసి, ఎవరి పక్కన ఎవరో తడుముకోకుండా రాశారు.

ఆవిడ భర్త పేరు మాత్రం అందులో లేదు. సౌదీవాళ్ళకి చాలినన్ని ఉద్యోగాలివ్వలేదని మా ఆసుపత్రి నితాఖాత్ ఎరుపులో పడి, మా నివాస అనుమతులు, ఇఖామాలు, రెన్యువల్ కాక ఆగిపోయిన ఏడాది, ఊరెళ్ళే వీల్లేక ఆవిడ ఇక్కడుండగానే ఆయన పోయారు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆవిడ ఊరెళ్ళలేదు.

“బావగారి పేరు మర్చిపోయారక్కా,” అన్నాను.

“మర్చిపోలేదు,” అంటూ పెన్నుకి మూత పెట్టారు. “అది నేను చూళ్ళేదు కదమ్మా.”