వికారాబాద్ స్టేషన్ బయట ఒలికిన అంబలి

మా అక్క శారద అనంతగిరి గుట్ట మీది క్షయ ఆస్పత్రిలో ఏడాదికి పైగా ఉంది. ఆమెను చూసి, అటునుంచే తాండూరు వెళ్లి మేం కట్టుకుంటున్న ఇంటికి నాపరాళ్లు మాట్లాడుకు రావాలని ఒక వేసవిలో ఒక్కదాన్నే బయలుదేరాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. పొద్దున్నే నాంపల్లిలో ప్యాసింజరు ఎక్కితే ఎండ ముదరకముందే వికారాబాద్‌లో దించుతుంది. మూడో తరగతి టిక్కెట్టు చవకే గానీ, శంకర్‌పల్లి దాటేదాకా కూర్చోవడానికి చోటు దొరకదు.

స్టేషన్ బయట అంబలి అమ్మే మీరా కోసం వెతికాను. మందులతో నోరంతా చేదైపోయిందనీ, మీరా పోసే జొన్న అంబలి ఒక్కటే గొంతు దిగుతోందనీ అక్క కిందటిసారి చెప్పింది. మీరాకు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. దేశం రెండు ముక్కలైనప్పుడు సింధు నుంచి ఓడలో బొంబాయి చేరి, అన్న వెంట తాండూరు వచ్చి స్థిరపడింది. అన్నది బట్టల కొట్టు. పక్కింట్లో ఉండే పెద్దేముల్ ఊరి ఎల్లమ్మ దగ్గర మీరా అంబలి కాయడం నేర్చుకుంది. తమ వైపు చేసుకునే బాదం, గసగసాల షర్బత్ కూడా కలిపి, రోజూ తొలి బండికి వికారాబాద్ తెచ్చి, స్టేషన్ బయటా గుట్ట మీదా అమ్మేది.

నేను వెళ్లేసరికి ఎదురుగా ఉన్న టీ హోటల్ యజమాని గొంతు చించుకుంటున్నాడు. "గా గ్లాసుల్ల తాగకుర్రి! గుట్ట మీది రోగులకు పోసే గ్లాసులవి. ఏ దేశపు పిల్లనో, ఏ కులమో ఎవరికెరుక?"

మీరా పక్కన మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్లు తెర్లుతున్నాయి. ఆమె పట్టకారుతో అందులోంచి ఒక గ్లాసు తీసి చూపించింది. "చూడుర్రి, గిట్ల ఉడకబెట్టినంకనే పోస్త. సేఠ్, నీ బకెట్ జర ఇటు తెచ్చి చూపియ్యి."

అందరూ అటు చూశారు. హోటల్ గ్లాసులన్నీ ఒకే బకెట్లో ముంచి తీస్తున్నారు. నీళ్లు మట్టిరంగుకు తిరిగాయి. ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు భరించలేక హోటల్ యజమాని గబగబా వచ్చి కుండను కాలితో తన్నాడు. కుండ పగిలి తెల్లటి అంబలి దుమ్ములోకి పారింది.

నా ఒళ్లు మండిపోయింది. "ఎవరిచ్చారు నీకీ అధికారం? గుట్ట మీదున్నది మా అక్క! రోగం వస్తే మనిషి కాకుండా పోతుందా?" అని అరిచాను.

"అక్కనా? గట్లయితే నువ్వు గూడ జర దూరముండమ్మా," అన్నాడు.

నా చుట్టూ ఉన్నవాళ్లు నిజంగానే వెనక్కి జరిగారు! కుండ తన్నినవాడి పక్కన నిలబడటానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నాకు పళ్లు పటపటలాడతాయి.

మీరా పెంకులు ఏరుతూ, "అక్కా, పగటి బండికి నేను గూడ తాండూరు పోత. కలిసి పోదాం," అంది.

గుట్ట ఎక్కడానికి జట్కా మాట్లాడుకున్నాను. బేరం ముందే తెంచుకోవాలి, లేకపోతే పైకి వెళ్లాక మాట మారుస్తారు. "గా పిల్ల అంబలి రోజు తాగుత నేను. నాకేం రోగమొచ్చింది?" అన్నాడు జట్కా అతను దారిలో.

"ఆ మాట అక్కడెందుకు అనలేదు?"

"హోటలాయన సవారీలు ఇప్పిస్తడమ్మా," అని గుర్రాన్ని అదిలించాడు.

అక్క అంతా విని, "మీరా ఏడ్చిందా?" అని అడిగింది. లేదన్నాను. "మరి రేపొస్తుందా?" అంది. పగటి బండిలో కలిసే వెళ్తున్నాం, అడుగుతానన్నాను. అక్క కఫంలో ఇక క్రిములు లేవనీ, త్వరలో ఇంటికి పంపుతామనీ డాక్టరు చెప్పడం ఆ రోజు నాకు దొరికిన ఒక్క చల్లని మాట.

తాండూరులో మీరా ఇంటికి వెళ్లేసరికి వార్త మాకంటే ముందే చేరింది. "ఇగ చాలు. ఆడపిల్లవు, ఇంట్ల ఉండు," అన్నాడు మీరా అన్న.

"ఊరే పోయిననాడు బతికినం. కుండ పోతే ఇంట్ల కూసుంటనా?" అంది మీరా.

ఎల్లమ్మ అప్పటికే జొన్నపిండి నానబెడుతోంది. "బిడ్డా, రేపు బండల గనికాడికి పోదాం. ఎండల పనిజేసేటోళ్లు కులమడగరు, సల్లగ ఏమున్నదని అడుగుతరు," అంది. రాళ్లు చూడటానికి మర్నాడు నేనూ వాళ్ల వెంటే వెళ్లాను. పొద్దెక్కకముందే కుండ ఖాళీ అయింది.

అక్క నయమై అత్తవారింటికి వెళ్లింది. డాక్టరు మాటను అక్కడ భర్తతో సహా ఎవరూ నమ్మలేదు. ఆమె కంచం, గ్లాసు పశువుల కొట్టంలో పెట్టారు. అక్క పెట్టె సర్దుకుని నేరుగా తాండూరు వెళ్లి, "నాకు పని ఇస్తావా?" అని మీరాను అడిగింది. ఇప్పుడు మీరా తాండూరులో సొంత అంబలి కొట్టు చూసుకుంటుంది. అక్క వికారాబాద్‌లో, ఆ హోటల్ ఎదుటే, కుండలు పెట్టుకుని కూర్చుంటుంది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కూడా, "నేను గుట్ట మీద ఉండి నయమై దిగినదాన్ని. తాగుతారా?" అని చెప్పి మరీ పోస్తుంది. కొందరు వెళ్లిపోతారు. ఎక్కువమంది తాగుతారు.

ఆ హోటల్ ఇప్పటికీ నడుస్తోంది. కుండ తన్నినందుకు దాని యజమానిని నేను తప్ప ఎవరూ ఏమీ అనలేదు. రోగానికి మందు కనిపెట్టిన కాలంలో ఉన్నాం. రోగిని చూసి వెనక్కి జరిగే ఆ అడుగుకు మాత్రం ఏ డాక్టరు దగ్గరా మందు లేదు. అనంతగిరిలో మనవాళ్లను చూడటానికి వెళ్లేవారికి ఒక్క మాట చెబుతాను. రోగికి పళ్లు తీసుకెళ్లడంతో సరిపెట్టకండి. డాక్టరును అడిగి, ఫరవాలేదంటే మీ అన్నం మూట కూడా అక్కడే విప్పి, వాళ్ల పక్కన కూర్చుని తినండి.