నీళ్ల తొట్టి మీది పలక

ఎజ్రా ఉలి రెండడుగుల నల్లపలక మీద నడుస్తోంది. “ఇంజను బెల్టు దగ్గర పైట, పంచె బిగించి కట్టుకోవాలి” అన్న మాట సగం చెక్కాడు. ప్రతి గీత పక్కన ఇంకో గీత, నీడలాగా. ఆ నీడ అతనిది కాదు, అంకన్నది.

మార్కాపురం పలకల కార్ఖానాలో పన్నెండేళ్లుగా అక్షరాలు చెక్కేది ఎజ్రానే. బడికి పోలేదు. సమాధి రాళ్లు చూసి నేర్చుకున్నాడు. పోయిన నెల మద్రాసు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు, జాగ్రత్తలు కూలీలకు కనపడేట్టు తెలుగులో పెట్టమన్నాడు. యజమాని మాలకొండయ్య ఎజ్రాను అడగలేదు. గిద్దలూరు స్టేషన్లో పేర్లు రాసే అంకన్నను పిలిపించాడు.

అంకన్న గోడ మీద ఎత్తున బోర్డు రాసిపెట్టాడు. ఎర్ర అక్షరాలు, పసుపు నీడ. ఎజ్రా రోజూ సంగటి ముద్ద చేతిలో పట్టుకొని ఆ బోర్డులో తప్పు వెతికేవాడు. ఒక్క కొమ్మూ వంకర లేదు. అన్నం సయించేది కాదు.

ఆఖరికి తానూ ఒకటి చెక్కుతానన్నాడు.

“సోమవారం ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చి ఎవురిది ఒప్పుకుంటే ఇంక రాతపనంతా వానిదే” అన్నాడు మాలకొండయ్య.

ఇప్పుడు ఆ సగం చెక్కిన పలక మీదికి, పలకలు కోసే హన్నా తొంగిచూసింది. ఆమెకు మిషను బడి చదువు ఉంది. “ఏందన్నా, అక్షరాలకు దయ్యం పట్టినట్లుందే?”

“అంకన్న రాస్తే అందం, నేను చెక్కితే దయ్యమా?”

“ఆయనది మాత్రం ఎవురు చూసినారు? కింద కూసోని కోసేటోళ్లం. తల ఎత్తితే వేలు పోతాది. దుమ్ము గూడా కప్పేసె.”

నిజమే. ఎరుపు బూడిదరంగైంది. ఎజ్రాకు సంతోషమేసింది. అట్లా సంతోషపడినందుకు సిగ్గూ వేసింది.

ఆ పలక పక్కన పడేసి ఇంకోటి తీశాడు. అదే మాట, నీడ లేదు. ఒంటి గీత, లోతుగా. అందరూ వంగి చేతులు కడుక్కునే నీళ్ల తొట్టి పైన, మోకాలెత్తులో బిగించాడు. రెండు రోజుల్లో పలకల దుమ్మే గాట్లలో నిండింది. పైపైన తుడిస్తే చాలు, నలుపు మీద అక్షరాలు సున్నం వేసినట్టు తేలాయి.

సోమవారం బోర్డుకు మళ్లీ రంగు వేయడానికి అంకన్న వచ్చాడు. తొట్టి దగ్గర కూలీలు ఒకరికొకరు చదివి చెప్పుకుంటున్నారు. అంకన్న గొంతుక్కూర్చొని ఒక గాటులో గోరు పెట్టి చూశాడు. “ఎవురి చెయ్యి?” అన్నాడు. ఎవరో చెప్పారు. అంకన్న రంగు డబ్బా మూత బిగించాడు. నెల రోజులుగా తన కడుపులో ఉన్న మంట ఆ ముఖంలో కనపడింది ఎజ్రాకు.

ఇన్‌స్పెక్టరు తొట్టి మీదికి వంగి, పలక చదివి, ఇదే ఉండనీ అన్నట్టు తలూపాడు.

ఎజ్రా పలక అంచు తడి తుడిచి, ఉలి సంచిలో వేసుకున్నాడు.

“పలక పని అప్పజెప్పినానయ్యా” అన్నాడు మాలకొండయ్యతో.